డిక్కీలోకి మార్చిన కారు బ్యాటరీకి పవర్ వైరింగ్: మొదటి నట్టు విప్పడం నుంచి చివరి మీటర్ రీడింగ్ దాకా

బ్యాటరీని బానెట్ కింద నుంచి డిక్కీలోకి మార్చాలనుకోవడానికి కారణాలు చాలా ఉంటాయి. టర్బోకో పెద్ద ఎయిర్ ఫిల్టర్‌కో చోటు కావాలి, ముందు చక్రాల మీద బరువు తగ్గాలి, లేదా ఇంజన్ వేడికి బ్యాటరీ తొందరగా పాడైపోతోంది. కారణం ఏదైనా సరే, పని మొదలుపెట్టే ముందు ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. నిన్నటిదాకా అర మీటరు ఉన్న పాజిటివ్ కేబుల్ ఇకమీదట నాలుగైదు మీటర్లు ఉంటుంది. అది సీట్ల పక్క నుంచి, కార్పెట్ కింద నుంచి, రేకులో చేసిన రంధ్రాల గుండా కారంతా ప్రయాణిస్తుంది. తాళం తీసేసి మీరు ఇంట్లో నిద్రపోతున్నా అందులో కరెంటు ఉంటుంది.

మామూలు కారు బ్యాటరీ లోపలి రెసిస్టెన్స్ కొన్ని మిల్లీఓములే. కేబుల్‌తో కలిపి మొత్తం 7 మిల్లీఓములు అనుకుందాం. ఆ కేబుల్ ఎక్కడైనా బాడీకి గట్టిగా తగిలితే 12.6 వోల్టులను 0.007తో భాగించండి: 1800 ఆంపియర్లు. వెల్డింగ్ మెషీన్‌లో పారే కరెంటుకు ఇది చాలా రెట్లు ఎక్కువ. అందుకే ఈ పనిలో అందం తర్వాత, భద్రత ముందు.

ఇంకో మాట కూడా మొదట్లోనే చెప్పేస్తాను. దాదాపు అందరూ ఎర్ర కేబుల్ మీదే డబ్బూ శ్రద్ధా పెడతారు. నల్ల కేబుల్‌ని చివర్లో దొరికిన బోల్టుకు తగిలించేస్తారు. కరెంటు ఎంత వెళ్లిందో అంతా తిరిగి రావాలి కదా. ఇలా మార్చిన కార్లలో వచ్చే ఫిర్యాదులు ఎక్కువగా ఎర్త్ దగ్గరే, అంటే నల్ల కేబుల్ కారు బాడీకి కలిసే చోటే, తేలతాయి. నేనూ అక్కడే దెబ్బతిన్నాను, ఆ కథ ఎర్త్ దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

మీ కారుకు ఇది కుదురుతుందా?

పాత తరం కారైతే పెద్దగా ఆలోచించక్కర్లేదు. చాలా కొత్త కార్లలో నెగెటివ్ టెర్మినల్ మీదే చిన్న సెన్సర్ ఒకటి ఉంటుంది. బ్యాటరీలోకి ఎంత కరెంటు పోతోంది, ఎంత వస్తోంది, వేడి ఎంత అని అది కంప్యూటర్‌కి చెబుతూ ఉంటుంది. ఆ లెక్కను బట్టే ఆల్టర్నేటర్ ఛార్జింగ్ నడుస్తుంది. సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతట అదే ఆగి, మళ్లీ స్టార్ట్ అయ్యే కార్లలో ఇది దాదాపు ఎప్పుడూ ఉంటుంది. అలాంటి కారైతే సెన్సర్ కూడా బ్యాటరీతో పాటు వెనక్కి రావాలి, దాని సన్నటి వైర్లను పొడిగించాలి. దాన్ని పీకి పక్కన పెడితే కుదరదు.

అల్యూమినియం లేదా ఫైబర్ బాడీ కార్లకు, విడి ఛాసిస్ మీద బాడీ కూర్చునే వాహనాలకు బాడీని ఎర్త్‌గా నమ్మకండి. వాటికి నెగెటివ్ కేబుల్‌ని కూడా ముందుదాకా లాగాలి. పొడవు రెట్టింపవుతుంది కాబట్టి కేబుల్ మందం కూడా ఆ లెక్కలోనే తీసుకోవాలి.

కేబుల్ ఎంత మందం ఉండాలి

చేతికి దొరికిన కేబుల్ తెచ్చేయకుండా ఐదు నిమిషాలు లెక్క వేయండి. రాగి కేబుల్ రెసిస్టెన్స్ తెలుసుకోవడానికి 0.0172ని మీటర్లలో పొడవుతో గుణించి, స్క్వేర్ మిల్లీమీటర్లలో మందంతో భాగిస్తే సరిపోతుంది. దాన్ని సెల్ఫ్ మోటార్ లాగే కరెంటుతో గుణిస్తే దారిలో ఎన్ని వోల్టులు పోతాయో వస్తుంది. చిన్న పెట్రోల్ ఇంజన్ సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 100 నుంచి 200 ఆంపియర్లు లాగుతుంది. డీజిల్‌కి ఇంకా చాలా ఎక్కువ. తిరగడం మొదలయ్యే తొలి క్షణంలో అయితే ఇంతకు రెండు మూడు రెట్లు.

5 మీటర్ల పొడవు, 200 ఆంపియర్లు అనుకుని నేను వేసిన లెక్క ఇది:

16 స్క్వేర్ ఎంఎం: 1.08 వోల్టులు పోతాయి
25 స్క్వేర్ ఎంఎం: 0.69
35 స్క్వేర్ ఎంఎం: 0.49
50 స్క్వేర్ ఎంఎం: 0.34
70 స్క్వేర్ ఎంఎం: 0.25

సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ దగ్గరే వోల్టేజ్ పదిన్నర దాకా పడిపోతుంది. అందులోంచి దారిలో ఒక వోల్టు పోతే సెల్ఫ్ మోటార్‌కు మిగిలేది తొమ్మిదిన్నరే. పైగా ఇది 20 డిగ్రీల లెక్క. రాగి వేడెక్కిన కొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది, 60 డిగ్రీల దగ్గర సుమారు 16 శాతం ఎక్కువ. నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారుకు నా ఎంపిక 50 స్క్వేర్ ఎంఎం. 35 కూడా నడుస్తుంది. 25కి మాత్రం దిగకండి. అమెరికన్ కొలతలో అమ్మే కేబుల్ అయితే 1/0 అన్నది 53.5, 2 నంబర్ అన్నది 33.6, 4 నంబర్ అన్నది 21 స్క్వేర్ ఎంఎం.

కేబుల్ కొనేటప్పుడు ఒక మోసం గురించి జాగ్రత్త. కార్ ఆడియో కోసం అమ్మే లావాటి కేబుల్స్‌లో చాలావాటిలో లోపల అల్యూమినియం, పైన రాగి పూత మాత్రమే ఉంటాయి. చూడ్డానికి బొటనవేలంత ఉంటుంది కానీ దాని రెసిస్టెన్స్ అదే మందం రాగి కేబుల్‌కు ఒకటిన్నర రెట్లు పైనే. పైగా లగ్‌లో (కేబుల్ చివర బిగించే, బోల్టు రంధ్రం ఉన్న లోహపు ముక్క) నొక్కిన చోట కాలం గడిచేకొద్దీ వదులవుతుంది. ఒక తంతువు తీసి బ్లేడుతో గీకి చూడండి. పైపూత పోయాక తెల్లగా వెండిలా మెరిస్తే అది అల్యూమినియమే. తగరం పూత వేసిన అసలు రాగి కూడా పైకి తెల్లగానే కనిపిస్తుంది, కానీ గీకితే లోపల ఎర్రగా ఉంటుంది. చేతిలో పట్టుకుని తూచినా తెలిసిపోతుంది: 50 స్క్వేర్ ఎంఎం కేబుల్‌లో మీటరుకు ఒక్క రాగి బరువే సుమారు 450 గ్రాములు.

సన్నటి తంతువులు వందలకొద్దీ ఉండే వెల్డింగ్ కేబుల్ వంపులు బాగా తిరుగుతుంది, లాగడం సులువు. దాని తొడుగు ఆయిల్‌నీ, ఇంజన్ దగ్గరి వేడినీ తట్టుకునే రకమో కాదో మాత్రం చూసి తీసుకోండి. పొడవు కొలిచేటప్పుడు ఒక తాడును అసలు దారి వెంబడే పరిచి కొలవండి, దానికి అర మీటరు కలపండి. మధ్యలో అతుకు వేయాల్సి రావడం కంటే చివర్లో కోసి పారేయడం మేలు.

బ్యాటరీని కదలకుండా కూర్చోబెట్టడం

ఇది వైరింగ్ కాదు కానీ ఇది సరిగా లేకపోతే వైరింగ్ ఎంత బాగా చేసినా వృథా. 15 కిలోల బ్యాటరీ, గట్టిగా గుద్దుకున్నప్పుడు 30 రెట్ల గురుత్వం పడితే, 450 కిలోల బలంతో ముందుకు దూకాలని చూస్తుంది. సామాను కట్టే బెల్టు దాన్ని ఆపలేదు. ఇనుప ట్రే, పైనుంచి ఇనుప పట్టీ, రేకుకు అవతలి వైపు వెడల్పాటి ప్లేటు, వీటన్నిటినీ కలిపి బిగించే బోల్టులు ఉండాలి. రంధ్రం వేసే ముందు కింద పెట్రోల్ ట్యాంకు ఉందా, బ్రేక్ పైపు పోతోందా అని కారు కిందకి దూరి కళ్లారా చూడండి.

డిక్కీ అంటే ప్రయాణికులు పీల్చే గాలికి తలుపు తీసి ఉన్నట్టే. ఛార్జ్ అవుతున్నప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతం చేరితే చాలు, నిప్పు రవ్వకు అంటుకుంటుంది. కాబట్టి మామూలు యాసిడ్ బ్యాటరీని డిక్కీలో ఊరికే పెట్టకండి. ఏజీఎం రకం (యాసిడ్ ద్రవంగా కాకుండా గాజు పీచులో ఇంకి ఉండే) సీల్డ్ బ్యాటరీ తీసుకోండి. దానికీ ఓవర్‌ఛార్జ్ అయితే తెరుచుకునే వాల్వ్ ఉంటుంది, అందుకే గ్యాస్ ట్యూబు పెట్టుకునే రంధ్రం ఉన్న మోడల్ చూసుకోవాలి. ట్యూబును రేకు గుండా బయటికి, కారు కిందకి వదలండి. రెండు వైపులా రంధ్రాలు ఉంటే రెండోదాన్ని బిరడాతో మూసేయాలి.

పని మొదలు

తాళం తీసి, పది నిమిషాలు ఆగి, ముందు నెగెటివ్ విప్పండి. తర్వాతే పాజిటివ్. ఎయిర్‌బ్యాగులకు శక్తి దాచే కెపాసిటర్లు ఉంటాయి, కనెక్షన్ తీశాక కూడా కాసేపు ఆగితేనే సీట్ల కింది వైర్ల జోలికి వెళ్లాలి. పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగుది అనుకుని దూరంగా ఉండండి. చేతికి ఉంగరం, గడియారం ఉంటే తీసేయండి. పాజిటివ్ మీద పెట్టే స్పానర్‌కు పిడి పొడవునా ఇన్సులేషన్ టేపు చుట్టండి.

ఫ్యూజ్: బ్యాటరీకి ఎంత దగ్గరైతే అంత మంచిది

ఫ్యూజ్ దేన్ని కాపాడుతుంది? సెల్ఫ్ మోటార్‌నీ కాదు, బ్యాటరీనీ కాదు. కేబుల్‌ని. కాబట్టి అది కేబుల్ మొదట్లో, బ్యాటరీ పాజిటివ్ నుంచి ఒక జానెడు లోపే ఉండాలి. బానెట్ కింద ఫ్యూజ్ పెడితే, మధ్యలో ఉన్న నాలుగు మీటర్ల కేబుల్‌కు ఏ రక్షణా లేనట్టే.

"సెల్ఫ్ అంత కరెంటు లాగుతుంటే ఫ్యూజ్ ఎగిరిపోదా?" అని అందరూ అడుగుతారు. మెగా రకం లాంటి బోల్టుతో బిగించే ఫ్యూజ్‌లు నెమ్మదిగా స్పందిస్తాయి. రేటింగ్‌ని కాస్త మించినా కొన్ని క్షణాలపాటు తట్టుకుంటాయి. షార్ట్ అయితే వచ్చే 1800 ఆంపియర్లకు మాత్రం వెంటనే కాలిపోతాయి. చిన్న పెట్రోల్ ఇంజన్, 50 స్క్వేర్ ఎంఎం కేబుల్ ఉంటే 250 ఆంపియర్ల మెగా ఫ్యూజ్‌తో మొదలుపెట్టవచ్చు. అయితే ఆ కేబుల్ తయారీదారు ఇచ్చిన కరెంటు పరిమితికి ఫ్యూజ్ అంకె సరిపోతుందో లేదో చూసుకోవాలి. ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని పెద్దది వేసేయకండి. ముందు కేబుల్ మందం పెంచాలి, ఆ తర్వాతే ఫ్యూజ్.

పెద్ద డీజిల్ ఇంజన్లకు ఇంకో పద్ధతి ఉంది. రెండు కేబుళ్లు వేస్తారు. ఫ్యూజ్ బాక్స్‌కూ ఆల్టర్నేటర్‌కూ ఫ్యూజ్‌తో ఒకటి. సెల్ఫ్‌కు విడిగా లావాటిది ఇంకొకటి, దాని మొదట్లో బ్యాటరీ పక్కనే ఒక హెవీ డ్యూటీ సోలినాయిడ్, అంటే చిన్న కరెంటుతో నడిచే పెద్ద స్విచ్. తాళం తిప్పినప్పుడు మాత్రమే ఆ లావు కేబుల్‌లోకి కరెంటు వస్తుంది, మిగతా వేళల్లో అది ఉత్త రాగి తీగ. ఇలా చేసేటప్పుడు రెండు తప్పులు జరుగుతుంటాయి. ఒకటి, ఆల్టర్నేటర్ వైరు ఆ సెల్ఫ్ కేబుల్ మీదే ఉండిపోవడం. దాంతో ఇంజన్ నడుస్తున్నంతసేపూ కేబుల్‌లో కరెంటు ఉంటుంది, చేసిన పనంతా వృథా. రెండోది, సెల్ఫ్ మీదున్న సొంత సోలినాయిడ్‌కి లావు టెర్మినల్ నుంచే చిన్న వైరు తగిలించడం. మాగ్నెట్ రకం సెల్ఫ్ మోటార్ తాళం వదిలాక కూడా కాసేపు తిరుగుతూ తానే కరెంటు పుట్టిస్తుంది, దాంతో పినియన్ (ఇంజన్‌ని తిప్పే సెల్ఫ్ మోటార్ చిన్న పళ్ల చక్రం) వెనక్కి రాకుండా గీరుకుంటూ ఉంటుంది. తాళం నుంచి వచ్చే అసలు వైరును సెల్ఫ్ దగ్గరే ఉంచి, దాన్నుంచే ఒక రిలే ద్వారా వెనకటి సోలినాయిడ్‌ని కూడా నడిపించండి.

ఫ్యాక్టరీలోనే వెనక బ్యాటరీ పెట్టే బీఎండబ్ల్యూ, తన చాలా మోడళ్లలో పాజిటివ్ టెర్మినల్ మీద చిన్న పేలుడు మందు పెడుతుంది. ఎయిర్‌బ్యాగు తెరుచుకునేంత గుద్దు తగిలితే అది పేలి, ముందుకు పోయే కేబుల్‌ని బ్యాటరీ నుంచి వేరు చేసేస్తుంది. కారు తయారుచేసినవాళ్లే ఆ కేబుల్‌ని చూసి అంత భయపడ్డారంటే, మనం ఒక ఫ్యూజ్ దగ్గర బద్ధకించకూడదు కదా.

దారి ఎంచుకోవడం

కారు లోపలి నుంచా, కింద నుంచా? నా ఓటు లోపలికే. డోర్ గడప పక్కన కార్పెట్ కింద మామూలుగానే వైరింగ్ పోయే చోటు ఉంటుంది. రాళ్లు, నీళ్లు, సైలెన్సర్ వేడి అక్కడికి రావు. అక్కడ చూసుకోవాల్సినవి సీటు బోల్టులు, సీటు బెల్టు బోల్టులు, డోర్ ప్లాస్టిక్ బిగించే స్క్రూలు. తర్వాతెప్పుడో ఎవరో స్క్రూ బిగిస్తే అది కేబుల్‌లోకి దిగకూడదు. పొడవునా ముడతల కండూట్ పైపు తొడగండి. బ్రేక్ సెన్సర్లు, ఆడియో సిగ్నల్ వైర్లు ఒక వైపు పోతుంటే కేబుల్‌ని రెండో వైపు వేయండి.

కింద నుంచి పోవడం తప్పకపోతే పెట్రోల్ పైపు, బ్రేక్ పైపు ఉన్న వైపు వద్దు. సైలెన్సర్‌కు దూరం, ప్రతి 30 సెంటీమీటర్లకూ రబ్బరు పొర ఉన్న పి-క్లిప్, జాకీ పెట్టే చోట అసలే వద్దు.

రేకు గుండా పోయే ప్రతిచోటా రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు రింగు, అంటే గ్రోమెట్, ఉండాలి. రంధ్రం వేశాక అంచును వేలితో తడిమి చూడండి. గరుకుగా తగిలితే ఆకురాయితో నున్నగా చేసి, తుప్పు పట్టకుండా పెయింటు పూసి, అప్పుడు గ్రోమెట్ పెట్టండి. కేబుల్ గ్రోమెట్‌లో వదులుగా ఆడకూడదు. రేకు అంచుకూ కేబుల్‌కూ మధ్య రోజుకు వెయ్యిసార్లు జరిగే రాపిడి గురించి ఆలోచించండి. ఆరు నెలలకో ఏడాదికో తొడుగు తెగుతుంది, అది కూడా ఏ వాన రాత్రో. ఇంజన్ పక్కకి వచ్చాక కేబుల్‌కు కొంచెం వదులు ఉంచండి, ఎందుకంటే బాడీ కదలదు కానీ ఇంజన్ ఊగుతుంది.

లగ్గులు బిగించడం

ఈ మందం కేబుల్‌కు సుత్తితో కొట్టి లగ్ బిగించడం, పటకారుతో నొక్కడం పనికిరావు. చేత్తో పంపు చేసే హైడ్రాలిక్ క్రింపర్ అద్దెకో, అప్పుగానో తెచ్చుకోండి. లగ్ గొట్టం పొడవు కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువగా తొడుగు ఒలవండి. కత్తితో చుట్టూ కోసేటప్పుడు తంతువులు తెగకుండా చూడండి. పది తంతువులు తెగితే అంత రాగి పోయినట్టే. హీట్ ష్రింక్ ముక్కను ముందే కేబుల్‌కు తొడిగేయండి. ఇది మర్చిపోనివాళ్లు లేరు.

తంతువులు గొట్టం చివరిదాకా వెళ్లాయో లేదో లగ్ మీది చిన్న రంధ్రంలోంచి చూసి, సరైన డైతో (క్రింపర్‌లో లగ్ సైజుకు తగ్గట్టు పెట్టే అచ్చు) రెండు చోట్ల నొక్కండి. తర్వాత లగ్‌ను వైస్‌లో పట్టించి బలం కొద్దీ లాగండి. కదలకూడదు. కొత్తవాళ్లయితే మిగిలిన ముక్కతో ఒక లగ్ బిగించి, హ్యాక్సా బ్లేడుతో మధ్యకి కోసి చూడండి. తంతువులు వేరువేరుగా కనబడకుండా ఒకే ముద్దగా, తేనెతుట్టె గదుల్లా ఒత్తుకుపోయి ఉంటే పని బాగున్నట్టు. మధ్యలో నల్లటి ఖాళీలు కనిపిస్తే డై పెద్దదైంది.

టంకం మాత్రం వేయకండి. అది తంతువుల వెంబడి లోపలికి పాకి, ఆ చోట కేబుల్‌ని కర్రలా గట్టిగా చేస్తుంది. కదలికలకు సరిగ్గా ఆ అంచు దగ్గరే విరుగుతుంది. తగరం, సీసం కలిసిన టంకం 183 డిగ్రీలకే కరగడం మొదలవుతుంది కూడా. లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ తొడిగి వేడి చేయండి. అంచుల దగ్గర జిగురు కాస్త బయటికి ఉబికితే నీళ్లు ఇక లోపలికి పోవు.

బానెట్ కింద

పాత బ్యాటరీ ఉన్నచోట ఇన్సులేటెడ్ దిమ్మె మీద ఒక 10 ఎంఎం స్టడ్ బిగించండి. వెనక నుంచి వచ్చిన కేబుల్, సెల్ఫ్‌కు పోయే పాత కేబుల్, ఫ్యూజ్ బాక్స్ వైరు, ఆల్టర్నేటర్ వైరు అన్నీ దాని మీదికి వస్తాయి. పాత వైర్లకు మొదట్లో ఉన్న ఫ్యూజ్‌లు అలాగే ఉండనివ్వండి. లావు కేబుల్ లగ్ అన్నిటికంటే అడుగున, సన్నవి పైన. లగ్ మీద లగ్ నేరుగా ఆనాలి, వాషర్ నట్టు కింద మాత్రమే. పైన రబ్బరు టోపీ తప్పనిసరి. ఎప్పుడైనా బ్యాటరీ దిగిపోతే వేరే కారు నుంచి జంపర్ పెట్టడానికి కూడా ఈ స్టడ్ అక్కరకొస్తుంది.

ఎర్త్

ఇప్పుడు నా కథ. నేను మొదటిసారి ఇలా మార్చిన కారులో ఎర్ర కేబుల్ చూడముచ్చటగా వేశాను. కారు చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అయ్యేది. ఓ గంట నడిపి ఆపి మళ్లీ సెల్ఫ్ కొడితే మూలుగుతూ తిరిగేది, నిద్రలోంచి లేపితే విసుక్కున్నట్టు. సెల్ఫ్ మోటార్ విప్పి బుష్షులు మార్పించాను, బ్యాటరీ మార్చాను. రెండు వారాల టెన్షన్ తర్వాత, మల్టీమీటర్ ఒక పిన్నును బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద, ఇంకోదాన్ని ఇంజన్ బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టాను. 1.1 వోల్టులు. అక్కడ ఉండాల్సింది 0.2. డిక్కీలో ఎర్త్ బోల్టు విప్పి చూస్తే లగ్ కింద గుండ్రంగా, చెక్కుచెదరని ఫ్యాక్టరీ పెయింటు. కరెంటంతా బోల్టు మరల గుండా, తుప్పు పట్టిన ఆ సన్నటి దారిలో పోతోంది. బోల్టు తల చుట్టూ పెయింటు గోధుమ రంగుకి మాడి ఉంది.

కాబట్టి ఎర్త్‌ని ఇలా చేయండి. డిక్కీలో దళసరి రేకు ఉన్న చోటు ఎంచుకోండి. ఛాసిస్ రైలు అయితే మంచిది. స్పేర్ వీలు గుంతలోని పలచటి రేకు, జిగురుతో అతికించిన రేకులు వద్దు. బ్యాటరీకి అర మీటరు లోపు ఉండాలి. వెనక నట్టు వెల్డింగ్ చేసిన 10 ఎంఎం బోల్టు అయితే ఇంకా బాగుంటుంది. సీటు బెల్టు బోల్టును మాత్రం దీనికి వాడొద్దు. లగ్ వెడల్పు కంటే కాస్త ఎక్కువ మేర పెయింటు, ప్రైమరు, జింకు పొర అన్నీ పోయి రేకు తళతళలాడేదాకా శాండ్ పేపర్‌తో రుద్దండి. లగ్‌ను నేరుగా ఆ మెరిసే రేకు మీద ఆనించండి, రెండింటి మధ్య వాషర్ పెట్టకండి. స్టీలు వాషర్ రాగిలా కరెంటును మోయలేదు. బాగా బిగించాక, పైనుంచి, చుట్టూ పెయింటో గ్రీజో పూయండి. ముందే పూసి బిగించడం కాదు, బిగించాక పూయడం.

ఇంతటితో సగమే అయింది. కరెంటు డిక్కీ నుంచి బాడీ గుండా ముందుకు వస్తుంది, కానీ సెల్ఫ్ ఉన్నది ఇంజన్ మీద. ఇంజనేమో రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది. పాత అమరికలో బ్యాటరీ నుంచి ఇంజన్‌కు నేరుగా లావు నల్ల కేబుల్ ఉండేది. బాడీకి, ఇంజన్‌కు మధ్య ఉన్నది వేలి మందం కూడా లేని అల్లిక పట్టీ. ఇప్పుడు 200 ఆంపియర్లూ ఆ పట్టీ గుండానే రావాలి. కాబట్టి వెనక ఎంత మందం కేబుల్ వేశారో, ముందు బాడీ నుంచి ఇంజన్ బ్లాకుకు, వీలైతే సెల్ఫ్ బిగించిన బోల్టుకే, అంతే మందం కేబుల్ వేయండి. ఇది లేకపోతే కరెంటు వేరే దార్లు వెతుక్కుంటుంది. యాక్సిలరేటర్ కేబుల్, గేర్ కేబుల్ లాంటివి ఎర్త్‌గా మారి, సెల్ఫ్ కొట్టినప్పుడల్లా వేడెక్కుతాయి.

కట్-ఆఫ్ స్విచ్

ట్రాక్ మీద నడిపే కారైతే ఇది తప్పదు. అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనల్లో, బ్యాటరీని చోటు మార్చిన కారుకు వెనక వైపు బయటి నుంచి అందేలా మాస్టర్ స్విచ్ ఉండాలని, దాన్ని ఆపితే ఇంజన్ కూడా ఆగాలని ఉంది. ఆ రెండో షరతు దగ్గరే చాలామంది తప్పుతారు. ఒక్క బ్యాటరీ పాజిటివ్‌నే తెంపితే ఇంజన్ ఆగదు, ఆల్టర్నేటర్ కరెంటుతో నడుస్తూనే ఉంటుంది. పైగా బ్యాటరీ ఒక్కసారిగా పోయేసరికి ఆల్టర్నేటర్ వోల్టేజ్ పదుల వోల్టులకు ఎగిరి, కంప్యూటర్‌ని కాల్చేయవచ్చు. ఇగ్నిషన్‌ని కూడా తెంచే అదనపు కాంటాక్టులు, ఆల్టర్నేటర్ శక్తిని మింగే రెసిస్టర్ ఉన్న మోటార్‌స్పోర్ట్ స్విచ్ వాడండి.

మొదటిసారి కరెంటు ఇవ్వడం

ఎర్ర కేబుల్ తప్ప మిగతావన్నీ బిగించాక ఫ్యూజ్ తీసి ఉంచండి. ఎర్ర కేబుల్ రెండు చివర్లూ దేనికీ తగలకుండా విడిగా ఉన్నప్పుడు, దానికీ బాడీకీ మధ్య మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ చూడండి. మీటర్ సున్నా కాదు, OL అని, అంటే కరెంటుకు దారే లేదని చూపించాలి. కేబుల్‌ని అక్కడక్కడ చేత్తో ఊపుతూ చూడండి, రీడింగ్ ఒక్కసారి గెంతినా ఎక్కడో తొడుగు తెగిందని అర్థం.

తర్వాత పాజిటివ్ అంతా కలిపి, ఫ్యూజ్ పెట్టి, నెగెటివ్ దగ్గర ఒక చిన్న పరీక్ష చేయండి. డోర్లు మూసి, తాళం తీసేసి, బ్యాటరీ నెగెటివ్ పోస్టుకూ నల్ల కేబుల్‌కూ మధ్య ఒక 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు పెట్టండి. షార్ట్ ఉంటే బల్బు పూర్తి వెలుగుతో వెలుగుతుంది, పారే కరెంటు సుమారు ఐదు ఆంపియర్ల దగ్గరే ఆగుతుంది, ఏదీ కాలదు. బల్బు క్షణం మిణుకుమని ఆరిపోతే కంప్యూటర్ల కెపాసిటర్లు నిండాయని అర్థం, భయం లేదు. అప్పుడు బల్బు తీసి నెగెటివ్ బిగించండి.

మీటర్ చెప్పే తీర్పు

కారు స్టార్ట్ అయింది కదా అని ఇక్కడ ఆపకండి. పెట్రోల్ పంపు రిలే తీసేసి, ఇంజన్ అంటుకోకుండా ఐదు సెకన్లు సెల్ఫ్ తిప్పుతూ మూడు చోట్ల కొలవండి. పిన్నులు లగ్గు మీద కాదు, పోస్టు మీదే, స్టడ్ మీదే ఆనాలి. అప్పుడే అతుకులో పోయే వోల్టేజ్ కూడా లెక్కలోకి వస్తుంది.

బ్యాటరీ పాజిటివ్ పోస్టు నుంచి సెల్ఫ్ లావు టెర్మినల్ దాకా: 0.5 వోల్టు లోపు ఉండాలి. ఎక్కువగా ఉంటే ఫ్యూజ్ హోల్డర్, స్టడ్, లగ్గులు ఒక్కొక్కటీ విడిగా కొలుస్తూ రండి, దొంగ దొరుకుతాడు.

బ్యాటరీ నెగెటివ్ నుంచి ఇంజన్ బ్లాకు దాకా: 0.2, మహా అయితే 0.3. మించితే ముందు వెనక ఎర్త్ బోల్టు నుంచి బాడీకి, తర్వాత బాడీ నుంచి బ్లాకుకు కొలిచి ఏ సగంలో తేడా ఉందో తేల్చండి.

బ్యాటరీ రెండు పోస్టుల మధ్య: సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 9.6 కన్నా కిందకి పోకూడదు. పోతే తప్పు కేబుల్‌ది కాదు, ముందు బ్యాటరీని అనుమానించండి.

రిలే తిరిగి పెట్టి ఇంజన్ స్టార్ట్ చేయండి. హెడ్‌లైట్లు, ఏసీ ఫ్యాన్ అన్నీ వేసి, ఆల్టర్నేటర్ దగ్గరా డిక్కీలో బ్యాటరీ దగ్గరా వోల్టేజ్ చూడండి. రెండింటికీ తేడా 0.2 లోపు ఉంటే బ్యాటరీ పూర్తిగా ఛార్జ్ అవుతుంది. చాలా ఆల్టర్నేటర్లు తమ దగ్గరున్న వోల్టేజ్ చూసే ఛార్జింగ్ నిర్ణయిస్తాయి. దారిలో అర వోల్టు పోతుంటే వెనక బ్యాటరీ ఎప్పటికీ సగం ఆకలితోనే ఉంటుంది, ఏడాది తిరగకుండానే పోతుంది.

ఓ అరగంట నడిపి వచ్చాక ఇంజన్ ఆపి, ప్రతి అతుకునూ వేళ్లతో తాకి చూడండి. పక్కనున్న కేబుల్ కంటే ఏ లగ్గయినా వేడిగా తగిలితే దాన్ని విప్పి మళ్లీ చేయాల్సిందే. వారం తర్వాత అన్ని నట్లనూ ఇంకోసారి స్పానర్‌తో చూడండి. మొదటి వారంలో రాగి కాస్త సర్దుకుని, కొన్ని నట్లు పావు చుట్టు తిరుగుతాయి. తీసుకున్న మూడు రీడింగులను ఒక కాగితం మీద తేదీతో సహా రాసి బ్యాటరీ పెట్టె మూత లోపల అతికించండి. రెండేళ్ల తర్వాత ఎప్పుడైనా సెల్ఫ్ బద్ధకించినప్పుడు పోల్చి చూసుకోవడానికి ఆ అంకెలు అక్కడే ఉంటాయి.